కుడి పక్క ఉడుకునీళ్లు

ఇరవై రెండేండ్లుగా ఈ పనిలో
నాకు తెలిసిన శాస్త్రం ఒకటే:
ఎడమ ఉడుకునీళ్లు, కుడి చన్నీళ్లు.
ఆదోనిలో కట్టినా ఆకాశంలో కట్టినా
షవరు కింద నిలబడిన మనిషి
కండ్లు మూసుకుని, సబ్బు నురగలోంచి చెయ్యి సాపితే
చేతికి తెలియాల, ఏ పక్క ఏముందో.

ఉరుకుందమ్మ ఇంట్లో పాత స్నానాల గది పగలగొట్టినాం.
బండలు లేపితే తడి, తడి కింద
ముప్పై ఏండ్ల నాటి ఇనుప పైపు.
లోపలంతా తుప్పు పేరుకుని
కందిగింజ పట్టే సందు మిగిలింది.
"ఇంత సందులోంచేనా
ఇన్నాళ్లూ నేను నీళ్లు పోసుకునింది!"
పైపుకు కన్ను ఆనించి నవ్వింది.

గోడకు గాడి కొట్టినా. రసమట్టం పెట్టినా.
బుడగ నడిమికొచ్చి నిలిచేదాకా ఊపిరి బిగబట్టినా.
రెండు ఇత్తడి ఎల్బోలు, మధ్య ఆరంగుళాలు.
ఒక్క నూలు అటూ ఇటూ అయినా
మిక్సరు కూర్చోదు,
కూర్చున్నా ఏడుస్తానే ఉంటాది.

మౌలాలి మరలకు తెల్లటేపు చుడతాండాడు.
"మర తిరిగే దిక్కుకే చుట్టు రా.
ఎదురు చుడితే బిగించే కొద్దీ ఊడొస్తాది.
మనుషులూ అంతే" అన్నా.
వానికి నా సామెతలు పాతబడినాయి.
తల ఎత్తలేదు.

అప్పుడొచ్చింది ఆయమ్మ, ఉగ్గాని బండి కట్టేసి,
వేళ్లకు ఇంకా శనగపిండి.
"ఏది యాడొస్తాదప్పా?"
చెప్పినా.
"మార్చు."

మార్చడమంటే మాటలా?
ఉడుకు పైపు చన్నీళ్ల పైపును దాటి రావాల,
గోడ ఇంకో అంగుళం లోతు తవ్వాల,
ఎప్పుడో ఇంకో ప్లంబరు వచ్చి
ఏ తాగుబోతు చేసినాడ్రా ఇది, అంటాడు.
శాస్త్రం ఎత్తుకోబోయినా.

ఎడమ చెయ్యి నా ముందర పెట్టింది.
జిన్నింగు మిల్లులో పట్టా లాక్కున్న చెయ్యి.
కదులుతాది. పట్టుకుంటాది.
మోచేతి కింద మాత్రం దానికి ఏదీ తెలీదు.
ముంజేతి నిండా బాండ్లి అంచు తగిలిన గుర్తులు,
కొత్తవి నల్లగా, పాతవి తెల్లగా.
"కాలితే నొప్పి రాదప్పా.
వాసనొస్తాది. అప్పుడు సూసుకుంటా.
ఉడుకునీళ్లను, ఉడుకు తెలిసిన చేతికియ్యి."

ఉలి తీసుకున్నా.

మీగడ రంగు పైపును వంపు తిప్పి
తెల్లపైపు వెనక నుంచి దాటించినా.
గమ్ము పూసి, లోపలికి నెట్టి, పావు తిప్పు తిప్పి
ముప్పై లెక్కపెట్టేదాకా వదల్లేదు,
జాతరలో పిల్లోని చెయ్యి పట్టుకున్నట్టు.

ఆ వారం కుళాయి రాలేదు.
డ్రమ్ములో దాచుకున్న నీళ్లే పరీక్షకు ఇచ్చింది.
పంపు కొట్టి, ముల్లు ఎక్కించి, తాళమేసి పోతే
తెల్లారి కూడా ముల్లు ఎక్కడిదక్కడే.
ఆ నీళ్లు పారబోయనియ్యలేదు.
గమ్ము వాసన, బొరుగులు నానేయడానికి పనికిరావు.
వాకిట్లో చల్లుకునింది.

మౌలాలి అప్పుడు నోరు తెరిచినాడు:
"అన్నా, ఏప్రిల్లో మన ఊర్లో ట్యాంకు నీళ్లే కాగిపోతాయి.
ఆర్పేసిన గీజరులోవే సల్లగుంటాయి.
రెండు నెల్లు నీ శాస్త్రం దానంతటదే తిరగబడతాది గదా?"
నా దగ్గర జవాబు లేదు.
ఆయమ్మ దగ్గర ఉండాది:
"అప్పుడు ఎడమది ముట్టుకోనే ముట్టుకోను. సాలునా?"

టైల్స్ మేస్త్రీ రాకముందే
చెవి మీది పెన్సిలు తీసి
పైపులు దాటిన చోట, గోడ లోపల రాసినా:
కుడి పక్క ఉడుకు. తప్పు కాదు. అడిగితే చేసినాం.

మేస్త్రీ తాపీ పట్టుకుని వంగి చదివినాడు.
"కాగితం మీద రాసియ్యకూడదా?
దీన్ని నేను మూసేస్తాండానే!"

"మూసెయ్ లే.
పగలగొట్టేటోనికే గదా
ఇది కావాల్సింది."